‘ఎవరమ్మాయివి?’ అని అడగని ఊళ్లు: మొదటి ఫాంటసీ ఆట ఎంచుకునేవారికి

ఆమదాలవలస స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్న రెండో నిమిషంలో పక్కనున్న పెద్దాయన అడిగే ప్రశ్న ఒకటే: “ఎవరబ్బాయివి బాబూ?” పేరు చెబితే చాలదు. ఊరు, వీధి, ఇంటిపేరు, నాన్నగారు చేసిన ఉద్యోగం దాటుకుంటూ వెళ్లి, ఆ విచారణ చివరికి మా పెద్దనాన్న తోడల్లుడి దగ్గర ఆగుతుంది. అప్పటికి ఆయన మనసు కుదుటపడుతుంది. నా గురించి ఒక్క ముక్క అడక్కుండానే నేనెవరో తేలిపోతుంది.

2011 నవంబరు 11న విడుదలైన స్కైరిమ్ అనే కంప్యూటర్ ఆట కూడా దాదాపు ఇదే ప్రశ్నతో మొదలవుతుంది. చేతులు కట్టేసి బండిలో తెచ్చిన ఖైదీల్లో మీరొకరు. జాబితా పట్టుకున్న సైనికుడు ఒక్కొక్కరినీ పిలిచి, మీ దగ్గరకు వచ్చి ఆగిపోతాడు. జాబితాలో మీరు లేరు. “ఎవరు నువ్వు?” అంటాడు. అక్కడ కథ నిలబడిపోతుంది. జాతి, ముఖం, ఒడ్డూపొడుగూ, పేరు అన్నీ మీరే పెట్టుకోవాలి. మొదటిసారి నేను ఆ తెర ముందు నలభై నిమిషాలు కూర్చున్నాను. ముక్కు దగ్గరే పావుగంట పట్టింది.

ఈ మధ్య విజయనగరంలో ఉద్యోగంలో చేరిన మా మేనకోడలు ఫోన్ చేసింది. “మావయ్యా, మొదటి జీతంలో కొంచెం దాచుకున్నాను. నువ్వు రాత్రిళ్లు ఆడే కత్తులూ మంత్రాల ఆటల్లో ఒకటి కొనుక్కుంటాను. ఏది మంచిది?” పది నిమిషాల్లో తేలుతుందనుకున్న మాట మూడు రాత్రులు నడిచింది. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పే పంతులుని. ఏ ప్రశ్నకైనా ముందు దత్తాంశం రాసుకోవడం అలవాటు. ఆమెకు చెప్పిందే కాస్త సర్ది ఇక్కడ రాస్తున్నాను.

రాజాం చేరని కబురు

ఈ ఆటల్లో ఏముందని పెద్దవాళ్లు కూడా నిద్ర మానుకుని ఆడతారని చాలామందికి సందేహం. నాకు తెలిసిన జవాబు బొబ్బిలిలో ఉంది.

మా చిన్నప్పుడు బుర్రకథలో ఆ యుద్ధం ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. 1757 జనవరి 24. కోట చుట్టూ విజయనగరం సైన్యం, దానికి తోడు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు. తాండ్ర పాపారాయుడేమో రాజాంలో ఉన్నాడు. ఆయన వచ్చేసరికి అంతా అయిపోయింది. బొబ్బిలి నుంచి రాజాంకు ఇప్పుడు బస్సులో గంట కూడా పట్టదు. కథ విన్న ప్రతిసారీ నాకు ఒకటే ఆరాటం. ఎవరైనా ఒక్కరు గుర్రమెక్కి ముందే బయలుదేరి ఉంటే? కథకుడికి ఆ వెసులుబాటు లేదు. గుమ్మెటలు ఎంత మోగినా కోట కాలవలసిందే.

ఆర్పీజీలని పిలిచే ఈ పాత్రధారణ ఆటలు ఆ గుర్రాన్ని తెచ్చి మీ ముందు నిలబెడతాయి. వెళ్తే ఒక కథ, వెళ్లకపోతే ఇంకొకటి. (దారిలో దిగి పుట్టగొడుగులు ఏరుకుంటూ కూర్చుంటే? చాలా ఆటల్లో పాపారాయుడు ఏమీ అనుకోడు. మీరు వచ్చేదాకా నెలల తరబడి అలాగే ఎదురుచూస్తాడు. అది ఈ ఆటలకున్న పాత జబ్బు.)

అందుకే కొనేముందు రెండు ప్రశ్నలు వేసుకోమంటాను. నేనెవరో నేనే నిర్ణయించుకోవచ్చా? నేను చేసిన పనివల్ల ఆ లోకం మారుతుందా? బొమ్మలు ఎంత తళతళలాడుతున్నాయి, మ్యాపు ఎన్ని కిలోమీటర్లుంది అనేవి ఆ తర్వాతి సంగతులు. ఈ రెండు ప్రశ్నలకూ ఒక్కో ఆట ఒక్కో మోతాదులో జవాబిస్తుంది. రెండింటికీ నిండుగా ‘అవును’ అన్న ఆట నాకు ఒక్కటే తగిలింది. అది లాప్‌టాప్ మార్పించేంత బరువు.

స్కైరిమ్: వేషం పూర్తిగా మీదే

అమెరికాకు చెందిన బెథెస్డా సంస్థ చేసిన ఈ ఆటకు మొదటి ప్రశ్నలో నూటికి నూరు. పది జాతులున్నాయి. మామూలు మనుషులతో పాటు బల్లి మనుషులు, తోక ఉన్న పిల్లి మనుషులు కూడా. యోధుడు, మాంత్రికుడు అని ముందే గిరి గీసుకోనక్కర్లేదు. ఏ పని చేస్తే ఆ విద్య పెరుగుతుంది. కత్తి తిప్పితే కత్తి, చాటుగా నడిస్తే చాటునడక, కొలిమి దగ్గర కూర్చుంటే కమ్మరం. నేనైతే బుడితి కంచరి వీధిలో పుట్టినవాడిలా మొదటి ముప్పై గంటల్లో సగం కొలిమి దగ్గరే గడిపాను. రాజ్యాన్ని డ్రాగన్లు తగలబెడుతుంటే ఇనుప బాకులు చేసి అమ్ముకున్నాను. ఎవరూ తప్పు పట్టలేదు.

చిలిపితనానికీ లోటు లేదు. దుకాణదారు తలమీద బుట్ట బోర్లిస్తే అతనికి ఏమీ కనబడదు. ఇక అతని ఎదుటే సరుకంతా సర్దుకుని పోవచ్చు. గంటస్తంభం దగ్గర ఏ కొట్లోనైనా ఇలా చేసి చూడండి, తెలుస్తుంది.

రెండో ప్రశ్నకు వచ్చేసరికి మాత్రం మార్కులు తెగ్గొట్టాలి. మాంత్రికుల కళాశాలకు అధిపతినయ్యాను. యోధుల బృందానికి పెద్దనయ్యాను. దొంగల ముఠాకూ నాయకుణ్నయ్యాను. ఒకే మనిషి, ఒకే నెలలో. ఆ తర్వాత కూడా ఊరి కాపలావాడు నా ముఖం చూసి, “ఎవరో నీ తీపి రొట్టె ఎత్తుకుపోయారా?” అని వెక్కిరించాడు. అక్కడ మీరు ఏమైనా కావచ్చు. అయినందువల్ల ఎవరికీ ఏమీ కాదు.

ఇది లోపమే. కానీ రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరి, అరగంట ఆడి పడుకునేవారికి ఇదే వరం కూడా. నెల రోజులు ముట్టకపోయినా కథ తెగినట్టుండదు. ఏదో కొండ కనబడుతుంది, దాని వెనకేముందో చూద్దామని నడుస్తారు. పూలు కోస్తారు, సీతాకోకచిలుకను పడతారు, నిద్రొస్తే ఆపేస్తారు. పైగా ఆటగాళ్లు తయారుచేసి ఉచితంగా పంచుకున్న మార్పుచేర్పులు, అంటే మాడ్లు, వేలల్లో ఉన్నాయి. మొదటిసారి వాటి జోలికి పోకండి. ఇంటికి రంగులు వేయించడం మొదలుపెట్టి గృహప్రవేశం మరిచిపోయినట్టవుతుంది.

విచర్ 3: వేషం తయారుగా ఉంది, తొడుక్కోవాలంతే

2015 మేలో వచ్చిన ఈ ఆట పోలండ్‌లోని సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థది. అదే దేశపు రచయిత ఆంద్రే సప్‌కోవ్‌స్కీ రాసిన కథల మీద అల్లినది. ఇక్కడ మీరు గెరాల్ట్. తెల్లజుట్టు, పిల్లికళ్లు, డబ్బు తీసుకుని రాక్షసాల్ని చంపే వృత్తి. అతనికో గతముంది, పాత ప్రేమలున్నాయి, కన్నకూతురు కాకపోయినా అంతకన్నా ఎక్కువైన ఒక పిల్ల ఉంది. ఆ పిల్లను వెతకడమే కథ. పేరూ ముఖమూ మార్చుకునే వీల్లేదు. ఆడపిల్లగా ఆడాలంటే మధ్య మధ్య కొద్దిసేపు ఆ అమ్మాయి సిరిగా ఆడటమే.

‘ఎవరబ్బాయివి?’ అని ఇక్కడా ఎవరూ అడగరు. తెలుసు కాబట్టి అడగరు. పల్లెలోకి గుర్రం మీద అడుగుపెడితే చాలు, అరుగు మీదివాళ్లు ఛీ అని ఉమ్మేస్తారు. అవసరమైతే వాళ్లే రాత్రి తలుపు కొడతారు. కులం, పరువు, పంచాయితీ తెలిసిన మనకు ఆ పల్లెలు పరాయివిగా అనిపించవు.

రెండో ప్రశ్నకు ఈ ఆట ఇచ్చే జవాబు చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి.

ఆమెకు ఈ ఆటలు గిట్టవు. ఒక రాత్రి నాకు మజ్జిగ తెచ్చి, గ్లాసు బల్ల మీద పెట్టి, తెర వైపు చూస్తూ మంచం పట్టె మీద కూర్చుంది. తెర మీద ఒక ఊరిపెద్ద. లావుపాటి మనిషి, తాగుబోతు, పెళ్లాన్ని కొట్టినవాడు. వాళ్ల గొడవల మధ్య పోయిన పిండాన్ని పేరు పెట్టకుండా, చేయవలసింది చేయకుండా పాతేశాడు. అది పిశాచమై రాత్రిళ్లు తిరుగుతోంది. దాన్ని నరికి పారేయవచ్చు. కాదంటే ఆ తండ్రి చేతుల్లోనే పెట్టి ఇంటిదాకా మోయించి, తప్పు ఒప్పించి, పేరు పెట్టించి, గడప కింద పాతించవచ్చు. అప్పుడది ఇంటిని కాచే చిన్న దేవతవుతుంది.

నేను కత్తి వైపు మొగ్గాను. త్వరగా అయిపోతుందని. “ఆగరా. పేరు పెట్టించు” అంది అమ్మ.

పెట్టించాను. అంత పెద్ద మనిషి చీకట్లో ఆ వికారమైన బిడ్డను రెండు చేతుల మీదా పెట్టుకుని, అది గింజుకుంటుంటే పట్టుకుని నడుస్తున్నాడు. నేనూ అమ్మా మాట్లాడలేదు. మజ్జిగ నేను తాగలేదు, ఆమె గుర్తు చేయలేదు. మూడు రోజుల తర్వాత వంకాయలు కోస్తూ, “ఆ గడప కింద పిల్ల ఏమైందిరా?” అని అడిగింది. (ఇది ఆట మొదటి భాగంలోనే వచ్చే సంగతి. రహస్యం చెప్పేశానని తిట్టుకోకండి. దీని తర్వాత చాలా ఉంది.)

ఇంకోచోట ఒక చెట్టు వేళ్ల కింద బంధించి ఉన్న ఆత్మను వదలాలా, చంపాలా అన్న ఎంపిక వస్తుంది. ఏది మంచో అక్కడికక్కడ తెలియదు. చాలా సేపటి తర్వాత, వేరే ఊళ్లో, మీరు మరిచిపోయిన ఇంటి మీద ఆ ఫలితం పడుతుంది. వెనక్కి వెళ్లి దిద్దుకుందామంటే అప్పటికే చాలా దూరం వచ్చేసి ఉంటారు.

కత్తియుద్ధం ఓ మోస్తరు. కావాలంటే తేలిక స్థాయి పెట్టుకోవచ్చు, అందులో సిగ్గేమీ లేదు. సంచిలో సరుకు సర్దుకోవడం మాత్రం విసుగు. ఇక పేకముక్కల పిచ్చి ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక: ఇందులో గ్వెంట్ అనే ముక్కలాట ఉంది. కూతుర్ని వెతకడానికి బయలుదేరినవాడు ప్రతి సత్రంలోనూ ముక్కలు పరిచి కూర్చుంటాడు. నేను నెల రోజులు అలాగే కూర్చున్నాను.

ఈ ఆటకు ఒకేసారి గంటన్నర, రెండు గంటలు కావాలి. ఇరవై నిమిషాల ముక్కలుగా ఆడితే కథ చెదిరిపోతుంది. రోజూ వీలుకానివారు శని, ఆదివారాలు దీనికి వదిలేయడం మేలు.

బాల్డర్స్ గేట్ 3: గవ్వలు వేసినట్టు

రెండు ప్రశ్నలకూ ‘అవును’ అన్న ఆట ఒక్కటే తగిలిందన్నానుగా, అది ఇదే. బెల్జియంలోని లేరియన్ స్టూడియోస్ 2023 ఆగస్టులో విడుదల చేసింది. దీని వేరు 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్లమీది ఆటలో ఉంది. ఒకరు కథ నడిపిస్తే మిగతావారు తలా ఒక పాత్ర కట్టి, పాచిక వేసి, తేల్చుకునే ఆట అది. అదే పద్ధతిని కంప్యూటర్లోకి తెచ్చారు. మీరు కట్టిన వేషాన్ని ఇక్కడ లోకం గుర్తుపెట్టుకుంటుంది. చీకటి జాతిలో పుట్టారా, ఎదుటివాడు జంకుతాడు. గాయకుడిగా వచ్చారా, అందుకు తగ్గ మాట నోటికి అందుతుంది.

ఇక్కడ పోట్లాట వంతులవారీగా సాగుతుంది. మీ వంతు వచ్చినప్పుడు ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. మధ్యలో లేచి అన్నం వార్చుకుని రావచ్చు, రాక్షసుడు కత్తి ఎత్తుకునే నిలబడి ఉంటాడు. చేతివేగం లేదని ఈ ఆటలకు దూరంగా ఉండేవారికి ఇది గొప్ప ఊరట. యాభై దాటినవారూ హాయిగా ఆడవచ్చు.

పాచిక ఎలా పనిచేస్తుందో ఒక్క సన్నివేశంలో చెబుతాను. ఆట మొదట్లో ఒక ఆశ్రమం లాంటి చోట దొంగతనం చేసిన చిన్నపిల్లను పట్టుకుంటారు. పామును ఆ పిల్ల ముందుకు వదిలి, నాయకురాలు తీర్పు చెప్పబోతుంది. మీరు నచ్చచెప్పాలి. ఏ మాట అనాలో మీరే ఎంచుకుంటారు. తర్వాత తెర మీద ఇరవై ముఖాల పాచిక దొర్లుతుంది. పదిహేను గానీ ఆపైన గానీ పడాలనుకోండి, ఇరవైలో ఆరు ముఖాలు మీవైపు, అంటే ముప్పై శాతం. తరగతిలో సంభావ్యత చెప్పేటప్పుడు నా పిల్లలు ఆవలిస్తారు. ఆ పాము ముందు నిలబెడితే ఆవలించరు. అష్టాచెమ్మాలో చివరి గడి ముందు గవ్వలు గుప్పిట్లో ఊపుతూ ఊదుతామే, సరిగ్గా ఆ ఊపిరి.

నాకు పాచిక ఎదురుతిరిగింది. పిల్లను పాము కరిచింది. ఎఫ్8 నొక్కితే అంతకుముందు భద్రపరచిన చోటికి వెళ్లి మళ్లీ వేసుకోవచ్చు. చాలామంది అలాగే చేస్తారు. నేను చేయలేదు. ఆ పిల్ల తల్లిదండ్రులకు ముఖం చూపించాల్సి వచ్చింది. ఆ రాత్రి మళ్లీ ఆడబుద్ధి కాలేదు. మీ ఆట మీ ఇష్టం, కానీ ప్రతి పాచికనూ దిద్దుకునే పనైతే ఇంత డబ్బు పోసి దీన్ని కొనడమెందుకు?

నలుగురు స్నేహితులు ఎవరి ఇళ్లలోంచి వాళ్లు కలిసి ఆడవచ్చు. పాలకొండలో ఒకరు, పార్వతీపురంలో ఒకరు ఉన్నా ఫర్వాలేదు, నలుగురికీ ఒకే సమయం కుదరాలంతే. అది పెళ్లి ముహూర్తం కన్నా కష్టం. ఇంగ్లీషు చదవడం ఇష్టం లేకపోతే ఈ ఆట వద్దు. నేను చెప్పే ఈ పెద్ద ఆటల్లో దేనికీ తెలుగు లేదు, ఇందులో మాటలు మరీ ఎక్కువ. మా బడి గ్రంథాలయమంత పాఠ్యముంది.

బరువు మోయలేని లాప్‌టాప్ ఉన్నవారికి అదే సంస్థ 2017లో తెచ్చిన డివినిటీ ఒరిజినల్ సిన్ 2 ఉంది. వంతుల పోట్లాట, నలుగురు కలిసి ఆడటం అందులోనూ ఉన్నాయి. నీళ్లు పోసి మెరుపు మంత్రం వేస్తే నీళ్లలో నిలబడినవాళ్లందరికీ షాకు కొడుతుంది. నా మటుకు పోట్లాట వరకు అదే ఎక్కువ సరదా.

ఎల్డెన్ రింగ్: పంతం ఉంటేనే

జపాన్‌కు చెందిన ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ ఆట, 2022 ఫిబ్రవరిలో వచ్చింది. నా రెండు ప్రశ్నలూ దీనికి అతకవు. మీరెవరని ఎవరూ పట్టించుకోరు, కథ అక్కడక్కడా రాలిన ముక్కల్లో ఉంటుంది. ఇది సాముగరిడీ. గురువు ఉండడు, దెబ్బలే గురువు.

గుహలోంచి పచ్చికలోకి రాగానే ఎదురుగా బంగారు కవచంతో గుర్రం మీద ఒక యోధుడు తిరుగుతుంటాడు. కొత్తవాళ్లందరూ తిన్నగా వాడి మీదికే వెళ్లి రెండు దెబ్బల్లో చస్తారు. నేను పదకొండు సార్లు చచ్చాను. పన్నెండోసారి అర్థమైంది, పక్కనే చెట్ల చాటుగా నడిచి పోవచ్చని. ఆట నేర్పే మొదటి పాఠం అదే. చచ్చినప్పుడు సంపాదన అక్కడే పడిపోతుంది. మళ్లీ చావకుండా వెళ్లి తెచ్చుకోవాలి. మధ్యలో చస్తే అదీ పోతుంది. తేలిక స్థాయి లేదు. మామూలుగా ఆపే మీట కూడా లేదు, పాలవాడు గేటు కొట్టినా రాక్షసుడు ఆగడు. చంటిపిల్లలున్న ఇంట్లో దీన్ని కొనకండి. ఇరవై ఏళ్ల వయసు, చేతిలో పంతం, పక్కగదిలో నిద్రపోయే పెద్దలు లేని ఇల్లు ఉంటే మాత్రం దీన్ని మించింది లేదు.

ఫోనే ఉంటే

గెన్షిన్ ఇంపాక్ట్ ఉచితం. 2020 నుంచి ఉంది, చూడటానికి చాలా అందంగా ఉంటుంది. కొత్త పాత్రలు కావాలంటే మాత్రం లాటరీ చీటీ లాగినట్టు అదృష్టం మీద లాగాలి. ఐదు నక్షత్రాల పాత్ర ఒక్కో లాగుడుకు వచ్చే అవకాశం 0.6 శాతం, అంటే వెయ్యికి ఆరు. తొంభై లాగేలోపు ఒకటి తప్పక వస్తుంది, వచ్చేది మీరు కోరుకున్నదే అని లేదు. పైడితల్లి జాతరలో రింగులు విసిరే అంగడి చూశారుగా. గోడగడియారం మీద పడాల్సిన రింగు సబ్బుపెట్టె పక్కన పడుతుంది. ఆ అంగడి ముందు జేబు మీద అదుపు ఉన్నవారు ఆడుకోవచ్చు. అమ్మ ఫోనులో, అమ్మ ఖాతాతో ఆడే పిల్లలకు వద్దు. పైగా నెట్ లేకపోతే ఆట తెరుచుకోదు.

ఒక్కసారి డబ్బు కట్టి, ఆ తర్వాత ఏదీ అడగని ఆటలు ఫోనుకూ ఉన్నాయి. 1994 నాటి ఫైనల్ ఫాంటసీ 6ను కొత్తగా దిద్ది ఇచ్చారు. బొమ్మలు చిన్నవి, కథ పెద్దది, విశాఖ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆడుకోవడానికి బాగుంటుంది. 1998 నాటి మొదటి బాల్డర్స్ గేట్ కూడా ఫోనుకు వచ్చింది, కానీ అక్షరాలు చీమల బారు. కళ్లజోడు వయసు వచ్చినవారు ట్యాబ్ ఉంటేనే చూడండి.

మన దేవతలున్న ఆట లేదా అని మా బడిలో ఒక పిల్లవాడు అడిగాడు. పుణేలోని నాడింగ్ హెడ్స్ 2020లో తెచ్చిన రాజీ ఉంది. తమ్ముణ్ని వెతుక్కుంటూ వెళ్లే అమ్మాయికి దుర్గ అండగా నిలుస్తుంది. అది పాత్రధారణ ఆట కాదు, దూకుతూ పోరాడుతూ సాగే చిన్న సాహసం. రెండు మూడు సాయంత్రాలకు సరిపోతుంది.

కరెంటు, డేటా, లాప్‌టాప్

ఇక దత్తాంశం. స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్‌కు 12 జీబీ చోటు చాలు. విచర్ 3కి 50, ఎల్డెన్ రింగ్‌కు 60, బాల్డర్స్ గేట్ 3కి ఏకంగా 150, అదీ ఎస్ఎస్‌డీ అనే వేగమైన డిస్కు మీద. ఫోను డేటా రోజుకు 1.5 జీబీ వచ్చేవారు ఈ చివరిదాన్ని దించుకోవాలంటే, వాట్సాప్ కూడా తెరవకుండా ఉంటే నూరు రోజులు. ఇంట్లో ఫైబర్ లేకపోతే దాని ఊసే వద్దు. ఎల్డెన్ రింగ్ కనీసం 12 జీబీ ర్యామ్ అడుగుతుంది, 8 ఉన్న లాప్‌టాప్‌తో కొని తర్వాత బాధపడకండి. తెర మీది బొమ్మల పని చూసే విడి గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్ అయితే స్కైరిమ్, అదీ బొమ్మల నాణ్యత తగ్గించి.

కరెంటు మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి చీకటి. అది సరే, మామూలు రోజుల్లో కూడా ఈదురుగాలి వీస్తే కరెంటు పోవడం మనకు కొత్త కాదు. స్కైరిమ్, విచర్, బాల్డర్స్ గేట్ మూడింట్లోనూ ఎఫ్5 నొక్కితే ఆట భద్రపడుతుంది. ఆకాశం మూసుకొస్తే ఎడమచెయ్యి ఆ మీట మీదే ఉంచండి. డెస్క్‌టాప్ వాడేవారు ముందు యూపీఎస్ కొనండి, తర్వాత ఆట. ఎల్డెన్ రింగ్ తనంతట తానే ఎప్పటికప్పుడు రాసుకుంటుంది. మీ చావులతో సహా.

స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల అంగడిలో ధరలు రూపాయల్లోనే ఉంటాయి. వేసవిలో, డిసెంబరు చివర పెద్ద తగ్గింపులుంటాయి, పాత ఆటలు అప్పుడు బాగా దిగుతాయి. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. ముక్కు దిద్దుకుంటూ నలభై నిమిషాలు కూర్చునేవారు గడియారం చూసుకోవాలి. జీఓజీ అనే మరో అంగడిలో కొంటే ఆట ఫైళ్లను హార్డ్ డిస్కులో దాచుకుని నెట్ లేకుండా ఎక్కించుకోవచ్చు, మన ఊళ్లకు అది అనువు. పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఉచితంగా ఇచ్చింది మాత్రం తీసుకోకండి. అలా ఒకసారి వచ్చిన ఆట నా కంప్యూటర్లోని పదో తరగతి మార్కుల పట్టికను మింగేసింది. మళ్లీ చేత్తో రాశాను, నూట నలభై మందివి.

పిల్లలకు కొనిచ్చేవారికి ఒక మాట. విచర్ 3, బాల్డర్స్ గేట్ 3, స్కైరిమ్ మూడూ ఐరోపాలో 18 ఏళ్లు దాటినవారికని ముద్ర పడినవి. మొదటి రెండింట్లో పడకటింటి సన్నివేశాలున్నాయి. బాల్డర్స్ గేట్‌లో నగ్నత్వం కనబడకుండా చేసే అమరిక ఉంది, పెద్దలున్న గదిలో ఆడేముందు దాన్ని నొక్కండి. నేను నొక్కలేదు, ఆరోజు అమ్మ మజ్జిగ తేలేదు కాబట్టి బతికిపోయాను.

ఇంతా విని

మా మేనకోడలి లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, చిన్న గ్రాఫిక్స్ కార్డు. ఆఫీసు నుంచి ఏడున్నరకు వస్తుంది. ఇంగ్లీషు నవలలు చదివే పిల్ల. నేను విచర్ 3 కొనమన్నాను, శని, ఆదివారాలు ఉన్నాయి కదా అని. ఆమె అన్నీ విని, “మావయ్యా, ఇక్కడ రోజంతా అందరూ నేనెవరమ్మాయినో నాకే చెబుతున్నారు. ఇంటికొచ్చి మళ్లీ ఇంకొకరు చెప్పిన మనిషిగా ఉండలేను” అంది. డిసెంబరు తగ్గింపులో స్కైరిమ్ కొనుక్కుంది.

మూడు వారాలైంది. డ్రాగన్ల సంగతి ఇంకా మొదలుపెట్టలేదట. వాగు పక్కన గుడిసెల్లో దొరికిన జున్నుముక్కలన్నీ పోగుచేస్తోంది. మొన్న ఆదివారం తన పాత్ర బొమ్మ ఫోనుకు పంపింది. పిల్లి ముఖం, చెవులకు పోగులు, వీపున విల్లు. కింద రాసిన పేరు చూసి నవ్వాగక అమ్మకు చూపించాను, ఎందుకంటే అది అమ్మ పేరే. ఆమె కళ్లజోడు సర్దుకుని, బొమ్మను పైనుంచి కిందిదాకా చూసి, మనవరాలికి ఫోన్ కలపమంది.

“విల్లు బాగుంది గానీ, నాకు తోకెందుకే?”